మా పైపుల కంచెకు పూనకం వచ్చిన వైనం

ఇల్లు కట్టి ఆరోగ్యం పాడుచేసుకున్నవాళ్లను చూశాను. ఇల్లు కట్టి అన్నదమ్ములతో మాటలు మానుకున్నవాళ్లనూ చూశాను. ఇల్లు చక్కగానే కట్టుకుని, దాని చుట్టూ కంచె వేసి, ఆ కంచె మూలంగా కాలనీ ఆడవాళ్ల చేత పసుపునీళ్లతో కాళ్లు కడిగించుకున్న మనిషిని మాత్రం నన్ను తప్ప ఇంకొకరిని చూడలేదు. అప్పుడే నవ్వకండి. నవ్వడానికి ముందు ముందు బోలెడన్ని చోట్లున్నాయి.

అవి తొంభైల మొదటి రోజులు. నేను కరీంనగర్‌లో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. చదువుకున్న దాన్ననీ, సైన్సు తెలిసినదాన్ననీ నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెమేమిటి, చీర కుచ్చిళ్లకు కూడా గర్వమే పట్టించి నడిచేదాన్ని. మా ఆయన లక్ష్మీరాజం ఒక సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఆయన గీసే గీత ఎంత సూటిగా ఉంటుందో, ఆయన నోటి నుంచి మాట రావడం అంత కష్టం. ఆ లోటు పూడ్చడానికి మా అత్తమ్మ రాజవ్వ ఉండేది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పుట్టి, వాటి మధ్యే ముసలిదైన మనిషి. ఉప్పు అందించమని అడిగినా పది మగ్గాల మోత మీదుగా అడిగినట్టే అడిగేది.

మా ప్లాటు ఊరి చివర, మానేరు డ్యాం వైపు. ఆ నేలంతా ఒకప్పుడు రాజిరెడ్డి పటేల్ పొలం. పెసర్లు పండితే ఎంత, పండకపోతే ఎంత అనుకున్నాడో ఏమో, పటేల్ దున్నడం మానేసి ప్లాట్లు పండించడం మొదలుపెట్టాడు. సగం అమ్ముడుపోయాయి. మిగతా సగంలో గడ్డి మొలిచింది. మా పక్క ప్లాటులో ఆయనే రెండంతస్తుల మేడ కట్టుకుని, చుట్టూ మనిషెత్తు గోడ లేపి, గోడ మీద గాజు పెంకులు నాటించాడు.

మా ఇల్లు పూర్తయింది. కంచె దగ్గర కథ మొదలైంది.

“గోడ కట్టిద్దాం,” అన్నాడు మా ఆయన. ఆ వారానికి ఆయన మాట్లాడవలసినది అయిపోయింది.

“గోడ కడితే సున్నం వెయ్యాలె. సున్నం వేస్తే వానకు పెచ్చులూడుతది. ఊడితే మళ్ల వెయ్యాలె. నేను పుట్టింది గోడకు చాకిరి చేసేతందుకేనా?” అన్నాను.

“ఇనుప జాలి?” అన్నాడు, వచ్చే వారం మాటల్లోంచి అప్పు తెచ్చుకుని.

“తుప్పు పడ్తది.”

“కట్టె?”

“చెద పడ్తది.”

అత్తమ్మ వంటింట్లోంచే తీర్పు చెప్పింది. “తుమ్మకంప కొట్టి దడి పెట్టున్రి. చెద పట్టినా ఫికర్ లేదు. పొయిల పెట్టుకోవచ్చు.”

నేను మాత్రం చాకిరి అడగని కంచె కోసం ఊరంతా గాలించాను. చివరికి ఊరి నడుమ గడియారం స్తంభం దగ్గరి పైపుల దుకాణంలో నా తలరాత గోడకు వేలాడుతూ కనిపించింది. అదొక క్యాలెండర్. అందులో ఏదో చల్లటి దేశం, పచ్చటి గడ్డి, ఎర్రకప్పు ఇల్లు, ఇంటి చుట్టూ తెల్లగా మెరిసిపోతున్న ప్లాస్టిక్ కంచె. ఆ ఇంట్లో ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చేతిలో చీపురు లేదు, అట్లకాడ లేదు, దిద్దాల్సిన పేపర్లు లేవు. ఊరికే కూర్చుని ఉంది!

“సేటూ, గసొంటి కంచె దొరుకుతదా?”

సేటు క్యాలెండర్ చూశాడు, నన్ను చూశాడు, మూలకు పేర్చి ఉన్న తెల్లటి పీవీసీ పైపులను చూశాడు. “కంచె దొరకది మేడం. పైపులు దొరుకుతయి. వరుసగ పాతితే కంచెనే గదా! దీన్కి చెద లేదు, తుప్పు లేదు, రంగు లేదు, చావు లేదు. పాతున్రి, మర్చిపోన్రి.”

మర్చిపోన్రి! బడి, వంట, అత్తమ్మ మందులు, యూనిట్ టెస్టులు, ఇలా మర్చిపోవడానికి వీల్లేని వాటితోనే బతుకంతా నిండిపోయిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీరే చెప్పండి. అక్కడికక్కడే కరిగిపోయాను.

“పైన మూతలు గూడ తీస్కపోన్రి,” అన్నాడు సేటు. చూస్తే మూతలు బూడిదరంగులో ఉన్నాయి. తెల్లటి పైపుకు బూడిదరంగు మూతా? పెళ్లికూతురికి మంకీ క్యాప్ పెట్టినట్టుండదూ!

“వద్దు. అందం చెడుతది,” అన్నాను. ఈ ఒక్క మాట వెనక్కి తీసుకునే వీలుంటే నా జీపీఎఫ్ మొత్తం రాసిచ్చేదాన్ని.

అంతటితో ఆగానా? క్యాలెండర్‌లో కంచెకు పైన కోసుగా మొనలున్నాయి. పైపుకు మొన రాదు కాబట్టి, ఒకటి పొట్టిగా, పక్కది కొంచెం పొడుగ్గా, ఆ పక్కది ఇంకొంచెం పొడుగ్గా, అలల్లాగా లేచి పడేట్టు కోయించాలని నిర్ణయించాను. మా ఆయన మూడు రంగుల పెన్సిళ్లతో డ్రాయింగు గీశాడు. ఎండాకాలంలో సిమెంటు దిమ్మె పోసి అందులో పైపులు నిలబెట్టించాం. పొద్దున ఎండ పడితే ఇల్లు పళ్లు ఇకిలించి నవ్వుతున్నట్టుండేది.

మొదట నవ్వింది రాజిరెడ్డి పటేల్. గోడ మీది గాజు పెంకుల మధ్య నుంచి జాగ్రత్తగా మెడ చాచి, “టీచరమ్మా, మంచిగున్నయి పైపులు. నల్లా నీళ్లు ఎన్నడిస్తున్నరు?” అన్నాడు.

“గది కంచె పటేలా. ఎన్నడూ చాకిరి చేసే పనుండది.”

“గట్లనా! నేను మీరు బోర్ల దుకాణం పెట్టిన్రనుకున్న.”

ఆయన ఒక్కడే అనుకుంటే బాగుండేది. ఆ వేసవిలో బోర్లు వేయించే రైతులకు ఊర్లోకి వచ్చే తోవ మా ఇంటి ముందునుంచే. ఒకరోజు ట్రాక్టరు ఆపి ఒక పెద్దమనిషి తలపాగా విప్పుకుంటూ నేరుగా లోపలికి వచ్చి, “అమ్మా, పైపు ఎట్లిస్తున్నరు?” అని అడిగాడు.

“అమ్మేటియి కావు. గది మా కంచె.”

ఆయన కంచెను పైనుంచి కిందిదాకా చూసి, మా అత్తమ్మ వైపు తిరిగి జాలిగా, “ఇంటి చుట్టు బోరు పైపులు పాతిన్రా? నీళ్లు పడలేదా అవ్వా?” అన్నాడు.

అత్తమ్మకు ఆ జాలి నచ్చింది. “ఏం జెప్పాలె కొడుకా, మా కోడలు సదువుకున్నది,” అంది.

ఆ తర్వాత వానకాలం వచ్చింది.

తొలి వానలు మెత్తగా కురిసి పోయాయి. ఆషాఢం రాగానే గాలి మొదలైంది. డ్యాం నీళ్ల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వచ్చే గాలి అది. ఒక సాయంత్రం మేం ముగ్గురం చాయ్ తాగుతున్నాం. గాలి ఒక్కసారి లేచింది. బయటినుంచి “హూ… ఊ… ఊఁ…” అని ఒక మూలుగు. అది ఆగకముందే దానికంటే సన్నగా ఇంకోటి, దానికి బదులుగా బొంగురుగా మరోటి. పదిమంది ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఏడుస్తున్నట్టుంది.

అత్తమ్మ సాసరు కింద పెట్టేసింది. “బిడ్డా, ఎవలో ఏడుస్తున్నరు.”

“కుక్క అయ్యుంటది అత్తమ్మా.”

“గన్ని కుక్కలా?”

“అయితే రైలు కూతేమో.” అప్పటికి కరీంనగర్‌కు రైలే లేదు. ఫిజికల్ సైన్స్ టీచర్ భయపడితే ముందు మరిచిపోయేది భూగోళ పాఠమే.

మా ఆయన గొడుగు పట్టుకుని బయటికెళ్లి ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. “ఎవలు లేరు,” అన్నాడు. ఆ మాటతో మా భయం రెట్టింపైంది. ఎవరో ఉన్నారంటేనే నయంగా ఉండేది.

మర్నాడు పనిమనిషి యాదమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. “నేను లోపటికి రాను టీచరమ్మా. నిన్న నేను పోతుంటే నన్ను పేరువెట్టి పిలిచింది. ‘యాదూ… యాదూ…’ అని.”

“గాలి అది యాదమ్మా!”

“గాలికి నా పేరెట్ల ఎర్క?”

పాలవాడు మా పాలు మూలమలుపు దగ్గర రాయి మీద పెట్టి పోవడం మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, వాన పడిన ప్రతిసారీ ఆ ఏడుపు రాగం మారేది. నిన్న బొంగురుగా ఏడ్చినది ఇవాళ సన్నగా ఏడ్చేది. “కొత్త దయ్యం గూడ వచ్చి కలిసింది,” అని అత్తమ్మ లెక్క కట్టేది.

ఆవిడ పెట్టె సర్దుకుంది. “లక్ష్మీరాజం, ఈ జాగ మంచిగ లేదురా. ఇల్లు అమ్మి సిరిసిల్లకు పోదాం పా. ఆడ మోత ఉంటది గని ఏడుపుండది.”

ఆ మధ్యాహ్నం ఆయన హాల్లో నిలబడి, తాను చేత్తో గీసిన ప్లాను ప్రకారం లేచిన గోడలను అరచేత్తో తడుముతుంటే చూశాను. పెళ్లయినప్పటినుంచి అద్దె ఇళ్లల్లో ఒకళ్ల బావి, ఇంకొకళ్ల వాకిలి వాడుకుంటూ, ఒక్కొక్క గదీ కాగితం మీద గీసుకుని కట్టిన ఇల్లది. ఎట్లాగైనా ఇది తేల్చాలి అనుకున్నాను. అనుకోవడం వరకూ నేను ఎప్పుడూ ముందే ఉంటాను.

ఈలోగా కాలనీ తేల్చేసింది. ఒకరోజు ఆ మూలుగు వినబడగానే రాజిరెడ్డి భార్య రాధమ్మక్కకు శిగమొచ్చింది, అదే, పూనకం. జుట్టు విరబోసుకుని ఊగుతూ, “నన్ను ఎల్లగొట్టిన్రు! నా గద్దె మీద ఇండ్లు కట్టిన్రు!” అని కేకలు వేసింది. వెంటనే ముసలివాళ్లకు గుర్తొచ్చింది. పొలంగా ఉన్నప్పుడు అక్కడ గట్టున పోచమ్మ రాయి ఉండేదట. ప్లాట్లు కొట్టేటప్పుడు పటేల్ దాన్ని ఎత్తించి చెరువు కట్టకు పంపాడట. కాబట్టి ఏడుస్తున్నది దయ్యం కాదు, అమ్మవారు. కంచె కాదు, గద్దె.

పటేల్ ముఖం వెలవెలబోయింది. రెండు రోజులు గోడ మీదుగా మెడ చాచలేదు. మూడో రోజు ఎక్కడినుంచో జీపులో నలుగురు దిగి, మా కంచెకు కొబ్బరికాయ కొట్టి, “ఈడ ప్లాట్లేమన్న ఉన్నయా?” అని అడిగారు. అమ్మవారు వెలసిన చోట ఇల్లు కట్టుకుంటే మంచిదని వాళ్ల నమ్మకం. అంతే, పటేల్‌కు ఎక్కడలేని భక్తీ పుట్టుకొచ్చింది. వారం తిరక్కుండా మలుపు దగ్గర ‘పోచమ్మ కాలనీ’ అని బోర్డు లేచింది. మా పైపులకు పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, వేపరెమ్మలు కట్టారు. నిమ్మకాయల దండలు వేశారు. క్యాలెండర్‌లో ఆడమనిషి ఊరికే కూర్చుని ఉంది. నేను రోజూ పొద్దున లేచి కంచె దగ్గర కొబ్బరిచిప్పలు ఊడుస్తున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం వచ్చింది. బల్ల మీద అనునాద గొట్టం పెట్టాను. తెలియనివాళ్ల కోసం చెబుతాను: అది నిలువుగా పెట్టే గొట్టం, లోపల నీళ్లుంటాయి. నీళ్ల పైన ఉన్న గాలి పొడవును బట్టి గొట్టం స్వరం మారుతుంది. ఏటా చెప్పే పాఠమే. “గొట్టంల నీళ్లు పెరిగితే ఏమైతది? గాలి స్తంభం పొట్టిగైతది. స్వరం సన్నగైతది,” అంటూ శృతిదండం మోగించి గొట్టం మీద పెట్టాను.

“ఊఁ…” అంది గొట్టం.

అచ్చం మా అమ్మవారి గొంతు!

శృతిదండం చేతిలోంచి జారి కింద పడింది. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. పైన మూతలేని పైపులు. అడుగున సిమెంటు. లోపల వాననీళ్లు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఏటా పిల్లలకు నేర్పే పరికరాన్ని నేనే ఇంటి చుట్టూ వందలకొద్దీ పాతించుకుని, గాలి దాన్ని వాయిస్తుంటే దుప్పటి కప్పుకుని వణికానన్నమాట!

“గాలి స్తంభం! గాలి స్తంభమే!” అని అరిచాను. ముందు బెంచీలో పిల్ల పక్క పిల్ల చెవిలో, “టీచర్‌కు గూడ శిగమొచ్చిందే,” అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి పరుగెత్తాను. కంచె ముందు అప్పటికే ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. రాధమ్మక్క హారతి ఇస్తోంది. ఇక్కడ కొంచెం బుద్ధి ఉన్న మనిషైతే లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి, ఎట్లా చెప్పాలో ఆలోచించుకుంటుంది. నేను సైన్సు టీచర్ని కదా! ప్రయోగం చేసి చూపించాలనుకున్నాను.

“అక్కా, అందరు జర ఇటు చూడున్రి! ఇందుల అమ్మ లేదు, బొమ్మ లేదు. ఎట్ల మోగుతదో నేను చూపిస్త!” అంటూ వరండాలోంచి పీట తెచ్చుకుని ఎక్కాను. పరుగెత్తి వచ్చానేమో, జడ ఊడిపోయి ఉంది. బొట్టు చెమటకు కారి ఉంది. ఎగశ్వాస వస్తోంది. ఆ అవతారంలో ఒక పొడుగాటి పైపు అంచున పెదవి ఆనించి, గట్టిగా ఊదాను.

“హూ… ఊ… ఊఁ…”

అద్భుతమైన స్వరం. ప్రయోగం నూటికి నూరు పాళ్లు విజయవంతం. గర్వంగా తలెత్తి చూశాను కదా, కాలనీ మొత్తం నేలమీద సాగిలపడి ఉంది.

“అమ్మా! టీచరమ్మ నోట్లకెళ్లి పలుకుతున్నవా తల్లీ!”

“కాదు కాదు, గది గాలి…”

“గాలి రూపంల వచ్చిందట!”

“అయ్యో, నేను ఊదుతున్న…”

“అమ్మే ఊదుతున్నదట!”

ఎవరో చెంబుతో పసుపునీళ్లు తెచ్చి పీట మీదే నా కాళ్లు కడిగారు. యాదమ్మ నా పాదాల మీద తల పెట్టి, “తల్లీ, మా ఆయన తాగుడు ఎన్నడు బంద్ చేస్తడు?” అని ఏడ్చింది. పాలవాడు పాలక్యాను పక్కన పెట్టి దండం పెట్టాడు. నిన్నటిదాకా పెట్టె సర్దుకుని కూర్చున్న మా అత్తమ్మ అరుగు మీద నిలబడి, సిరిసిల్లదాకా వినబడేట్టు, “మా కోడలే! నా కొడుకు పెండ్లామే!” అని అందరికీ పరిచయం చేస్తోంది.

మా ఆయన వచ్చాక జరిగింది చెప్పాను. ఆయన పెన్సిలు చెక్కుకుంటూ, “బొమ్మ గీసి చూపెడత,” అన్నాడు. పైపు, దాంట్లో నీళ్లు, నీళ్ల మీద గాలి తరంగాలు, పక్కన బాణం గుర్తులు. అంత చక్కటి పటం నేను పాఠ్యపుస్తకంలో కూడా చూడలేదు. దాన్ని పట్టుకుని రాధమ్మక్కకు వివరించబోయాడు. ఆమె రెండు చేతులతో కళ్లకద్దుకుని తీసుకుంది. తర్వాత తెలిసింది, అదేదో యంత్రమనుకుని అద్దం కట్టించి పూజగదిలో పెట్టిందట. మా ఆయన మళ్లీ నెలరోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత బడి నుంచి పిలుపు రాక తప్పలేదు. పిలుపు కూడా కాదు, మా హెడ్మాస్టరమ్మే నేరుగా ఇంటికొచ్చింది. నాకు చెమటలు పట్టాయి. ఆ ఏడు మూఢనమ్మకాల మీద పిల్లలకు ఉపన్యాసాలిప్పించే బాధ్యత నాదే. ఆమె కుర్చీలో కూర్చుని, తలుపు దగ్గరికి వేయమంది.

“సుగుణా, నేను విన్నది నిజమేనా?”

“కాదు మేడం! ఒట్టు పెట్టి చెప్తున్న. అది గాలి స్తంభం. అనునాదం. నేనెవలికీ ఏం చెప్పలే…”

“నాకు తెల్వదా? నేను గూడ సైన్సే చదివిన.” ఆమె అటూ ఇటూ చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించింది. “అది సరే గని, మా పెద్దోని సంబంధం ఇచ్చోడ ఊరోళ్ల తాన కుదిరేటట్టున్నదా, లేదా? జర ఊది చెప్పు.”

అప్పుడర్థమైంది, ఇక మాటలతో లాభం లేదని. కంచె నోరు మూయించాలి.

మూస్తే పటేల్ ఊరుకుంటాడా? ఒకసారి అడిగి చూశాను. “మూతలు పెడ్దామనుకుంటున్న పటేలా.”

“అమ్మ నోరు మూస్తవా టీచరమ్మా?” అని గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. “వచ్చే ఆదివారం బోనాలు వెడుతున్నం. యాటను కోస్తున్నం. ప్లాట్లు సూసేటోళ్లు గూడ వస్తున్నరు. నువ్వు జర సల్లగుండు.”

శనివారం పటేల్ కుటుంబం కాలనీవాళ్లను వెంటేసుకుని కొండగట్టు గుడికి మొక్కు చెల్లించడానికి జీపుల్లో బయలుదేరింది. అత్తమ్మను కూడా బతిమాలి వాళ్లతో పంపాను. జీపులు మలుపు తిరిగాయో లేదో, నేనూ మా ఆయనా పట్టపగలు సిమెంటు కలిపి, గోనెగుడ్డ ముక్కలు కుక్కి, ఒక్కొక్క పైపు నోట్లో ముద్ద పెట్టి మూసుకుంటూ పోయాం. పసిపిల్లలకు అన్నం తినిపించినట్టు తినిపించాం. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి అంత నవ్వుకుంటూ చేసిన పని ఇంకోటి లేదు. ఆయన ముక్కు మీద సిమెంటు, నా చెంప మీద సిమెంటు. వాళ్లు తిరిగొచ్చేసరికి పైన వేపరెమ్మలు సర్దేసి, ఏమీ ఎరగనట్టు చాయ్ తాగుతున్నాం.

ఆదివారం డప్పులతో బోనాలు వచ్చాయి. షామియానాలు వేశారు. ప్లాట్లు కొనేవాళ్లకు ముందు వరుసలో కుర్చీలు. మేకను కోశారు. అందరూ డ్యాం వైపు చూస్తూ గాలి కోసం ఎదురుచూశారు. వచ్చింది గాలి. షామియానా గుడ్డలు టపటపలాడాయి, ఆడవాళ్ల కొంగులు లేచాయి, పటేల్ తువ్వాల ఎగిరి చెట్టున పడింది.

కంచె మాత్రం కిక్కురుమనలేదు.

డప్పులు ఆగాయి. జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. నా గుండె సంతోషంతో ఎగిరింది. ఇన్నాళ్లకు సైన్సు గెలిచింది! నేను నోరు తెరవబోతుండగా రాధమ్మక్క రెండు చేతులూ పైకెత్తి, “సల్లవడ్డది! మొక్కు అందింది! అమ్మ శాంతించింది!” అని కేక పెట్టింది.

డప్పులు మళ్లీ అందుకున్నాయి. నేను జనం మధ్యలోకి దూకాను.

“అమ్మ గాదు! నేను! నేనే మూసిన! సిమెంటు పెట్టి మూసిన! కావాల్నంటే పైకెక్కి చూడున్రి!”

ఒకడు పైకెక్కి చూశాడు. “అవు, సిమెంటే ఉన్నది,” అన్నాడు.

అప్పుడు మా అత్తమ్మ ముందుకొచ్చింది. నా గడ్డం పట్టుకుని, ఎన్నడూ లేనంత మెల్లగా అడిగింది. “నువ్వే పెట్టినవు బిడ్డా, కాదన్లే. మరి పెట్టాల్నని నీకు బుద్ధి పుట్టించిందెవలు?”

జనం ఒక్కసారిగా దండాలు పెట్టారు. భౌతికశాస్త్రం మొత్తం వెతికాను. ఆ ప్రశ్నకు జవాబు ఏ అధ్యాయంలోనూ లేదు.

ఆ రోజు నుంచి అత్తమ్మ సిరిసిల్ల ఊసెత్తలేదు. ఇల్లు అమ్మే మాట పోయింది. యాదమ్మ పనిలోకి వచ్చింది. పాలు గుమ్మం దగ్గరికి వచ్చాయి. ప్లాట్లన్నీ దసరాకు ముందే అమ్ముడుపోయాయి. కాబట్టి అంతా సుఖాంతమే అనుకుంటూ ఒక సాయంత్రం వాకిట్లో కూర్చున్నాను. పటేల్ వచ్చాడు. గోడ మీదుగా కాదు, గేటు తీసుకుని, చేతిలో మిఠాయి పొట్లంతో వచ్చాడు. ఎవరూ లేరని చూసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“టీచరమ్మా, చెన్నూరు తొవ్వల ఒక ఇరువై ఎకరాలు తీసుకున్న. మొత్తం ప్లాట్లు కొడుతున్న.”

“మంచిది పటేలా.”

“ఆడ గూడ నది పక్కన గాలి మస్తుంటది.” గొంతు సవరించుకున్నాడు. “సారు గీసిన పటం మా ఇంట్ల పూజగదిల ఉన్నది గదా, దాన్ని దినాం చూస్తనే ఉన్న. అంత సమజయింది. పొట్టి పైపు సన్నగ మోగుతది, పొడుగుది బొంగురుగ మోగుతది. గంతే గదా? పైపులు నేను తెప్పిస్త. నువ్వు వచ్చి జర అమ్మ గొంతు వచ్చేటట్టు కోయించి పెడ్తవా?”

కాలనీ మొత్తంలో నా పాఠం అర్థమైన శిష్యుడు ఒక్కడే దొరికాడు. ఆ ఒక్కడూ ఇతడు!

ఆయన్ను గేటుదాకా సాగనంపి, మిఠాయి పొట్లం చేతికే తిరిగిచ్చి, ఇంట్లోకి వచ్చి, తూర్పు ముఖంగా నిలబడి, కుడిచెయ్యి చాచి, మా ఆయన సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. నేను, సుగుణ అనే నేను, బతికి ఉన్నన్నాళ్లు, ఆకాశం కింద, నోరు తెరిచి ఉన్న ఏ గొట్టాన్నీ నిలబెట్టను, నిలబెట్టనివ్వను, నిలబెట్టినవాళ్లకు సలహా ఇవ్వను. ఇప్పటికీ ఆ మాట తప్పలేదు. మా ఇంటికి వస్తే మీరే చూడవచ్చు, పూలకుండీ నుంచి చెంబుదాకా ఖాళీగా ఉన్నదేదైనా సరే, బోర్లించే ఉంటుంది.